ఎవరి డబ్బు, ఎవరికి జవాబు?

డాక్టరు: 2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ఒక్క సంతకంతో విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపేశాడు. జూలై 1 వచ్చేసరికి అమెరికా సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ పని పూర్తిగా మూతపడింది. అప్పుడు మనవాళ్లే చాలామంది “మంచిదేలెండి, ఇప్పటికైనా ఆ దేశాలు సొంత కాళ్ల మీద నిలబడతాయి” అన్నారు. మాస్టారూ, హెచ్‌ఐవి మందు ఆగిపోతే ఏమవుతుందో నేను చూశాను. పరీక్షలో కనిపించనంతగా అణిగిన వైరస్ కొద్ది వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది. గర్భిణికి మందు అందకపోతే బిడ్డకు సోకే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. సొంత కాళ్ల మీద నిలబడాలంటే ముందు మనిషి బతికి ఉండాలి కదండీ.

లెక్చరర్: నేను సంతోషించినవాళ్లలో లేను డాక్టరుగారూ. కానీ మీరు చెప్పినదాంట్లోనే నా భయమూ ఉంది. వాషింగ్టన్‌లో ఒకాయన సంతకం పెడితే జాంబియాలో ఒక ఊరి క్లినిక్ మూతపడింది. ఆ ఊరి మనిషి ఎవర్ని అడగాలి? అమెరికాలో ఆమెకు ఓటు లేదు. తన ఎంపీని అడిగితే “అది మా పథకం కాదమ్మా” అంటాడు. ఇరవై ఏళ్లు ప్రాణం నిలిపిన వ్యవస్థ మీద ఆమెకు ఏ హక్కూ లేదు. ప్రాణం నిలబడలేదని నేననను. హక్కు మాత్రం పుట్టలేదు.

డాక్టరు: హక్కు పుట్టేదాకా ఆగి ఉంటే ఎంతమంది మిగిలేవారు? 2003లో అమెరికా హెచ్‌ఐవి సాయ పథకం పెప్‌ఫర్ మొదలైంది. దానివల్ల రెండున్నర కోట్ల ప్రాణాలు నిలిచాయని అమెరికా ప్రభుత్వ లెక్క. దాతలు చెప్పుకునే లెక్క కాబట్టి సగానికి కోయండి, అయినా అది చిన్న సంఖ్య కాదు. అప్పట్లో ఆఫ్రికాలో ఊళ్లకు ఊళ్లే అమ్మానాన్నల్లేని పిల్లలతో మిగిలిపోతున్నాయి. ఇందులో మనకూ పాలుంది. బ్రాండెడ్ మందుల ఖర్చు మనిషికి ఏడాదికి 10,000 డాలర్లు దాటి ఉన్న రోజుల్లో, 2001లో సిప్లా అదే చికిత్సను 350 డాలర్లకు ఇస్తానంది. ఆ తర్వాత హైదరాబాద్ నుంచి అరబిందో, హెటిరో లాంటి కంపెనీల మాత్రలు ఆఫ్రికా దేశాలకు వెళ్లాయి. కొన్నది దాతల డబ్బు. ఆ డబ్బు లేకపోతే మన మాత్ర ఎంత చవకైనా అక్కడి రోగి దాకా చేరేది కాదు.

లెక్చరర్: మందుల విషయంలో మీతో వాదించను. మశూచి కథ కూడా మీ పక్షానే ఉంది. సోవియట్ యూనియన్ కోట్లాది డోసుల టీకా ఉచితంగా ఇచ్చింది, స్వీడన్ డబ్బిచ్చింది, 1975 తర్వాత మన దేశంలో ఆ జబ్బు లేదు. కానీ మీరు సాయంలోకెల్లా మేలైన ముక్కను ఏరి చూపిస్తున్నారు. టీకాకు ఒక లెక్క ఉంటుంది, ఒక ముగింపు ఉంటుంది. మిగతా సాయం చాలావరకు అలాంటిది కాదు. నేను తిన్న సాయం గురించి చెబుతాను. మా బడిలో మధ్యాహ్నం కేర్ అనే అమెరికా సంస్థ వాళ్ల రవ్వతో ఉప్మా వండేవారు. పచ్చగా, కాస్త జిగటగా ఉండేది, అమెరికా నూనె వాసన వేసేది. పాలపొడి వేడినీళ్లలో సరిగా కలవక గ్లాసు అడుగున ఉండలు మిగిలేవి. వాటిని వేలితో తీసుకుని తినేవాళ్లం. ఆకలితో ఉన్న పిల్లాడిగా నాకు ఆ ఉప్మా మీద కోపం లేదు. చదువుకున్నాక తెలిసిన సంగతులే నన్ను మార్చాయి.

డాక్టరు: ఏం తెలిసింది?

లెక్చరర్: 1956లో పీఎల్-480 ఒప్పందం కుదిరింది. అమెరికాలో మిగిలిపోయిన గోధుమలు మనకు రూపాయల్లోనే కొనుక్కునే వీలొచ్చింది. డాలర్లు అక్కర్లేదు, ఎంత హాయి! ఆ హాయిలోనే మన ప్రభుత్వం పదేళ్లపాటు వ్యవసాయాన్ని వెనక్కి నెట్టింది. చవక గోధుమలు ఓడల్లో దిగుతుంటే మన రైతుకు గిట్టుబాటు ధర ఇవ్వాల్సిన తొందర ఎవరికుంటుంది? 1965లో, 66లో వరసగా వానలు లేవు. 1966లో కోటి టన్నులకు పైగా ధాన్యం దిగుమతి చేసుకున్నాం. అప్పుడు అధ్యక్షుడు జాన్సన్ ఓడల్ని నెలనెలా తూచి వదిలాడు. వియత్నాం యుద్ధం గురించి మనం ఏం మాట్లాడుతున్నామో వింటూ వదిలాడు. అంతకుముందే ప్రధాని శాస్త్రిగారు దేశాన్ని సోమవారం రాత్రి భోజనం మానమని అడగాల్సి వచ్చింది. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించాం. డాలరు 4.76 రూపాయల నుంచి 7.50కి పోయింది. దానికి బదులుగా ఇస్తామన్న సాయం అనుకున్నంత రానేలేదు. గోధుమల బాపతు రూపాయలు అమెరికా ఖాతాలో ఎంతగా పేరుకున్నాయంటే, 1974లో వాళ్ల రాయబారి 1,664 కోట్ల రూపాయల చెక్కు మనకు తిరిగి రాసిచ్చాడు. వయ్యారిభామ మొక్క కూడా ఆ గోధుమలతోనే వచ్చిందని ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దాన్ని నేను వాదనగా వాడను. ఆ ఒప్పందానికి ముందే పుణేలో ఆ మొక్క కనిపించింది. గోధుమల మీద వేయాల్సిన నిజమైన నేరాలే చాలు.

డాక్టరు: ఆ గోధుమలే లేకపోతే బిహార్‌లో 1943 నాటి బెంగాల్ కరువు మళ్లీ కనిపించేది. అవమానం పడ్డాం, నిజమే. శవాల గుట్టలు చూడలేదు. ఈ రెండింట్లో ఏది కావాలని బిహార్ తల్లిని అడిగితే ఆమె జవాబేమిటో మీకూ తెలుసు. ఇంకొకటి అడుగుతాను. ఆ అవమానం నుంచి మనల్ని బయటపడేసింది ఏది? 1966లో మెక్సికో నుంచి తెచ్చిన 18,000 టన్నుల గోధుమ విత్తనం. దాని వెనక రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బుంది. మన వరికి ఐఆర్-8 ఫిలిప్పీన్స్‌లోని వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. ఆ కేంద్రాన్ని నిలబెట్టింది ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్లే. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు ఐఆర్-8 వేసి చూపించకపోతే మన డెల్టా అంత త్వరగా నమ్మేదా? సాయం వల్ల కలిగిన దెబ్బకు మందు కూడా సాయంగానే వచ్చింది.

లెక్చరర్: నా వాదనకు ఇంకా అడ్డొచ్చే సంగతి నేనే చెబుతాను. ఈ రోజు మనింట్లో వండుకునే సాంబ మసూరి బాపట్లలో పుట్టింది. స్వర్ణ మార్టేరులో పుట్టింది. రెండింటి వంశంలోనూ మసూరి ఉంది. ఆ మసూరి 1950లలో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ కటక్ కేంద్రంగా నడిపిన సంకరణ పథకంలోంచి వచ్చి, మలేషియాలో విడుదలై, తిరిగి మన దగ్గరికి చేరింది. అంటే మన కంచంలోని అన్నంలో అంతర్జాతీయ సాయం ఉంది, ఒప్పుకుంటాను. కానీ మార్టేరు, బాపట్ల కేంద్రాలు ఎవరివి? మన పన్నులతో నడిచినవి. అక్కడి శాస్త్రవేత్త జవాబు చెప్పింది గోదావరి రైతుకి, కృష్ణా రైతుకి. గోధుమ తింటే అయిపోతుంది, మళ్లీ ఓడ కోసం ఎదురుచూడాలి. విత్తనం వచ్చాక మనవాళ్లు దాన్ని తమ నేలకు, తమ నాలుకకు సరిపోయేలా మార్చుకున్నారు. ఐఆర్-8 అన్నం రుచి లేదని మన జనం మొహం చిట్లిస్తే, ఆ మాట వినడానికి మార్టేరులో ఒకరున్నారు.

డాక్టరు: అయితే మీ గొడవ సాయంతో కాదు, ఏ రకం సాయం అన్నదానితో. అంతవరకు మనిద్దరికీ తేడా లేదు.

లెక్చరర్: ఉందండీ. రకం మంచిదే అయినా, నిర్ణయం ఎక్కడ జరిగిందన్నది మిగిలే ఉంటుంది. 1998లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్‌కు ఆర్థిక పునర్వ్యవస్థీకరణ పేరుతో 54 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. బ్రిటన్ గ్రాంట్లిచ్చింది. 1999లో విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోగా విడగొట్టారు. 2000లో ఛార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఆందోళనకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. బోరు మోటారుకు ఎంత కట్టాలన్నది అసెంబ్లీలో రైతు ప్రతినిధులు తేల్చుకోవాల్సిన విషయం. ఆ లెక్క అప్పు పత్రాల్లో ముందే తేలిపోయి ఇక్కడికి వచ్చిందని జనం అనుకున్నారు. అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు.

డాక్టరు: మీరు చెప్పింది అప్పు. నేను సమర్థిస్తున్నది సాయం. ఆ రెండింటినీ కలిపేస్తే నేను ఒప్పుకోను. పైగా ఆ సంస్కరణలు ఆనాటి ముఖ్యమంత్రి కోరి తెచ్చుకున్నవి. మన నాయకుల బాధ్యతను బయటివాళ్ల మీదికి నెట్టేస్తే మన నాయకుల్ని మనమే వదిలేసినట్టవుతుంది. ఆ తర్వాత ఏం జరిగింది? 2004లో జనం ఓటేసి ప్రభుత్వాన్ని దించారు. కొత్త ప్రభుత్వం వచ్చీ రాగానే ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టింది. ప్రపంచ బ్యాంకు ఏం చేయగలిగింది?

లెక్చరర్: ఏమీ చేయలేకపోయింది, ఎందుకంటే మన బడ్జెట్‌లో బయటి డబ్బు చాలా చిన్న భాగం. వద్దనగలిగే స్తోమత మనకుంది. మలావీకి అది లేదు. ఆ దేశపు బడ్జెట్‌లో మూడో వంతుకు పైగా దాతలదే అయిన ఏళ్లున్నాయి. ఎరువుల సబ్సిడీ తగ్గించమని దాతలు ఏళ్ల తరబడి చెప్పారు. తమ రైతులకు మాత్రం వేల కోట్ల సబ్సిడీలిచ్చుకుంటూనే చెప్పారు. 2005లో పంట దారుణంగా పోయాక అధ్యక్షుడు ముథరికా ఆ సలహా పక్కనపెట్టి ఎరువు, విత్తనం కూపన్లిచ్చాడు. రెండేళ్లలో మొక్కజొన్న వేరే దేశానికి అమ్ముకునేంత పండింది. ఆ ఒక్కడూ ఎదురుతిరగకపోతే? ఎదురుతిరగలేని ఎన్ని దేశాల్లో ఎంతమంది రైతులు అదే సలహా కింద నలిగిపోయారో ఎవరు లెక్క రాశారు?

డాక్టరు: మలావీ కథను మీరు మంచి చోట ఆపేశారు. ఆ కూపన్లే తర్వాత బడ్జెట్‌ను మింగేశాయి, పార్టీ మనుషుల చేతుల్లో పడ్డాయి. 2013లో అక్కడి ఖజానా దోపిడీ బయటపడ్డాకే దాతలు డబ్బు ఆపారు. సొంత ప్రభుత్వం అన్నంత మాత్రాన అది జనానికి జవాబు చెప్తుందని మీరెలా నమ్ముతున్నారు?

లెక్చరర్: నమ్మడం లేదు. కానీ బయటి డబ్బు ఆ జవాబుదారీని ఇంకా పలచన చేస్తుందంటున్నాను. ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ చెప్పేది ఇదే: పన్నులు కట్టించుకునే పాలకుడికి జనంతో పని ఉంటుంది, దాతల నుంచి డబ్బు వచ్చేవాడికి దాతలతోనే పని. జైర్‌లో మొబుటు 1965 నుంచి 1997 దాకా పాలించాడు. 1982లోనే ఐఎంఎఫ్ పంపిన బ్లూమెంథాల్ అనే అధికారి, ఇక్కడ ఇచ్చిన డబ్బు తిరిగి రాదు, ఈ దోపిడీ ఆగదు అని రాసిచ్చాడు. ఆ తర్వాతా డబ్బు వెళ్తూనే ఉంది.

డాక్టరు: అది ప్రచ్ఛన్న యుద్ధంలో ఒక నియంతను కొనుక్కోవడం. దాన్ని నేను సమర్థించను, సాయం అని కూడా పిలవను.

లెక్చరర్: అలా కుదరదు డాక్టరుగారూ. మంచివన్నీ సాయం ఖాతాలో, చెడ్డవన్నీ వేరే ఖాతాలో రాస్తే ఏ లెక్కైనా బాగానే కనిపిస్తుంది. హైతీలో బియ్యం మీద సుంకం తగ్గించేలా చేసి, అమెరికా బియ్యంతో అక్కడి వరి రైతును ముంచారు. 2010లో బిల్ క్లింటనే సెనేట్ కమిటీ ముందు కూర్చుని, అది తప్పు, మా అర్కాన్సా రైతులకు మేలు జరిగి ఉండొచ్చు గానీ హైతీకి చెరుపు జరిగింది అన్నాడు. దాన్ని ఏ ఖాతాలో రాయమంటారు?

డాక్టరు: సరే, నా వైపు నుంచి నేను చూసిందీ చెబుతాను. దాతల ప్రాజెక్టు వచ్చిన ఒక ఆసుపత్రిలో పనిచేశాను. ఒకే రోగి పేరు మూడు రిజిస్టర్లలో రాసేవాళ్లం. ఒకటి ప్రభుత్వానికి, ఒకటి దాతకి, ఒకటి దాత నియమించిన సంస్థకి. మూడింట్లో గడులు వేరు, తేదీలు రాసే పద్ధతి వేరు. నెలాఖరులో నర్సు రోగుల్ని వదిలి మూడు లెక్కలూ సరిపోయేలా కూర్చునేది. ఉన్నవాళ్లలో పని బాగా తెలిసిన ల్యాబ్ టెక్నీషియన్ ప్రాజెక్టు జీతానికి వెళ్లిపోయాడు. ప్రభుత్వ ల్యాబులో ఆ కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. ప్రాజెక్టు ముగిశాక అతను వెనక్కి రాలేదు. ఇవన్నీ నిజాలు. నాకు బాధ కలిగించిన నిజాలు.

లెక్చరర్: అయినా మీరు సాయం కావాలంటారు.

డాక్టరు: అంటాను. మీరు ప్రతిసారీ ప్రభుత్వం జనానికి జవాబు చెప్పాలంటున్నారు. ఏ జనానికి మాస్టారూ? 2003లో గేట్స్ ఫౌండేషన్ అవహాన్ పేరుతో ఆరు రాష్ట్రాల్లో హెచ్‌ఐవి నివారణ మొదలుపెట్టింది, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎవరి కోసం? సెక్స్ వర్కర్ల కోసం, లారీ డ్రైవర్ల కోసం, హిజ్రాల కోసం. వాళ్ల కోసం ఏ ఎమ్మెల్యే బడ్జెట్ అడిగాడు? పోలీసులు వాళ్ల దగ్గర కండోమ్ దొరికితే దాన్నే సాక్ష్యంగా పెట్టి కొట్టిన రోజులవి. ఓటేసే పెద్ద మనుషులను అడిగితే “వాళ్ల మీద మా పన్నులు ఖర్చుపెట్టడమేంటి” అనేవారు. బయటి డబ్బు వచ్చి ఆ ఆడవాళ్లకు కూర్చోవడానికి ఒక గది ఇచ్చింది, అక్కడే పరీక్ష, అక్కడే మందు, పోలీసు పట్టుకుంటే పరిగెత్తుకొచ్చే తోటి మనిషి. మొదటి ఐదేళ్లలో లక్ష మందికి సోకకుండా ఆగిందని లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా. తర్వాత ఆ పని మన ప్రభుత్వానికే అప్పగించారు. ఎక్కువమంది ఈసడించుకునే మనుషులకు, ఎక్కువమంది ఓట్లతో వచ్చిన ప్రభుత్వం జవాబు చెప్పదు. వాళ్లకు ఎవరు జవాబు చెప్పాలి?

లెక్చరర్: ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఉన్నంత చెబుతాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ల వెనక ఏ విదేశీ ప్రాజెక్టూ లేదు. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్నారు, మాట్లాడుకున్నారు, కదిలారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధించక తప్పలేదు. వాళ్లే రోజుకో రూపాయి పొదుపు మొదలుపెట్టారు. ఆ పొదుపు సంఘాల కథలో యూనిసెఫ్ ఉంది, యూఎన్‌డీపీ ఉంది, వెలుగు పథకానికి ప్రపంచ బ్యాంకు డబ్బూ ఉంది, కాదనను. కానీ నెల్లూరు ఆడవాళ్లను ఎవరూ “బయటివాళ్ల మనుషులు” అనలేకపోయారు. బయటి డబ్బుతో నిలబడ్డ గొంతును ఆ ఒక్క మాటతో నొక్కేయొచ్చు. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని ఇంకా బిగించినప్పుడు ఎన్ని సంస్థలు ఇబ్బంది పడ్డాయో చూశాం. మీరు చెప్పిన ఆడవాళ్ల గది అద్దె బయటి నుంచి వస్తే, ఆ గదిని మూయడం ఒక కాగితంతో పని.

డాక్టరు: దూబగుంట ఆడవాళ్లు భార్యలు, తల్లులు. ఊరు వాళ్ల వెనక నిలబడింది. నేను చెప్పేవాళ్ల వెనక ఏ ఊరూ నిలబడలేదు.

లెక్చరర్: నిలబడలేదు. ఒప్పుకుంటున్నాను.

డాక్టరు: ఇంకొకటి. మనం ఇప్పుడు ఇచ్చేవాళ్లం కూడా. ఐటెక్ పేరుతో 1964 నుంచి వేరే దేశాలవాళ్లకు శిక్షణ ఇస్తున్నాం. 2022లో శ్రీలంక కుప్పకూలితే దాదాపు 400 కోట్ల డాలర్ల మేర ఆదుకున్నాం. అదీ హాని చేసిందంటారా?

లెక్చరర్: పెట్రోలు బంకు ముందు రోజుల తరబడి నిలబడ్డ మనిషికి హాని అనను. కానీ ఇతర దేశాలకు మనమిచ్చే రుణాల్లో సాధారణంగా 75 శాతం సరుకు మన దగ్గరే కొనాలనే నిబంధన ఉంటుంది. అమెరికా తన ఆహార సాయంలో సగం తన ఓడల్లోనే పోవాలని పెట్టుకున్న నిబంధనకూ దీనికీ పెద్ద తేడా నాకు కనబడదు. ఇచ్చే చోటికి చేరగానే మనమూ వాళ్లలాగే ఆలోచిస్తున్నాం. సరే, మనమిద్దరం ఒక ఒప్పందం రాయాలనుకుందాం. నా షరతులు మూడు. ఒప్పందం మొత్తం అక్కడి జనం భాషలో వాళ్ల చట్టసభ ముందు పెట్టాలి. జీతాలు, రిజిస్టర్లు అక్కడి ప్రభుత్వ వ్యవస్థలోనే ఉండాలి. ఏటేటా ఆ దేశపు వాటా పెరగాలి, సాయం ముగిసే తేదీ మొదటి పేజీలోనే ఉండాలి.

డాక్టరు: మొదటి రెండింటి కింద ఇప్పుడే సంతకం పెడతాను. మూడోది రాయను. సూడాన్‌లో 2023 ఏప్రిల్ నుంచి రెండు సైన్యాలు కొట్టుకుంటున్నాయి. వీధి కుర్రాళ్లే చందాలు పోగుచేసి వంటశాలలు నడిపారు. అమెరికా డబ్బు ఆగాక వందల వంటశాలలు మూతపడ్డాయి. అక్కడ ఏ ప్రభుత్వపు వాటా పెంచమంటారు?

లెక్చరర్: యుద్ధాన్ని మినహాయిస్తాను. మలావీలో, జాంబియాలో యుద్ధం లేదు. అక్కడ తేదీ ఉండాలి. తేదీ లేకపోతే వాళ్ల ఆర్థిక మంత్రి ఏ ఏడూ మందులకు డబ్బు పెట్టడు. దాత ఉన్నాడు కదా అనుకుంటాడు.

డాక్టరు: ఆ తేదీ వచ్చింది, మంత్రి డబ్బు పెట్టలేదు. అప్పుడు ఎవరి మందు ఆగుతుంది? మంత్రిదా?

లెక్చరర్: ఆ రోజు జనం అతన్ని నిలదీయాలి. అందుకే ఆరు నెలల మందు ముందే నిల్వ ఉంచాలని కూడా రాస్తాను.

డాక్టరు: ఆరు నెలల్లో ఏ ప్రభుత్వమూ మారదు. ఏడాది నిల్వ రాయండి. తేదీ కొట్టేయండి.

లెక్చరర్: ఏడాది నిల్వే రాస్తాను. తేదీ మాత్రం కొట్టేయను.